డ్రిల్లు మాష్టారి పన్నెండో రోజు

తాడేపల్లిగూడెంలో బండి ఆగీ ఆగకుండానే కిటికీలోంచి రెండు పెద్ద గరిటెలు, ఒక జల్లెడ, బట్టల మూట లోపలికి వచ్చి పడ్డాయి. వాటి వెనకాలే, జనాన్ని తోసుకుంటూ, వాటి యజమాని వచ్చాడు. బొజ్జ మీద జంధ్యం, చెవులకి పోగులు, భుజం మీద తడి తువ్వాలు. వంటబ్రాహ్మడని చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు, ఒళ్ళంతా పోపు వాసనే. గరిటెలు బెంచీ కిందికి తోసి, ఎదురుగా కూర్చున్న మనిషిని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

చూడదగ్గ మనిషేం కాదు. నలభైకి రెండు తక్కువ వయసు, కత్తిరించిన జుట్టు, మాసిన గడ్డం, గళ్ళ లుంగీ, ఒళ్ళో ఒక గొడుగు. సామాను అంతే.

"తమరెందాకండీ?"

"ఏలూరు."

"నేనూ అక్కడికేనండీ. నన్ను విస్సన్న అంటారు. ఏలూరులో ఏ గాడిపొయ్యినడిగినా చెబుతుంది. తమరు రంగం నించాండీ? లుంగీ దోపిన తీరు చూసి పోల్చాను. మన సాయిబులు అలా దోపరు."

ఆ మనిషి అవునన్నట్టు తలూపాడు.

మన కోస్తా జిల్లాలవాళ్ళకి రంగూను ఎప్పుడూ రంగూను కాలేదు, రంగమే. కాకినాడలో స్టీమరెక్కితే నాలుగైదు రోజులకి దిగే ఊరు. కాశీకి పోయినవాడైనా కాశీ కబుర్లు మరిచిపోతాడు గాని, రంగం పోయినవాడి ఇంటి పక్కవాడు కూడా రంగం గురించి గంటసేపు చెప్పగలడు. విస్సన్న అలాంటివాడే. బండి కదిలేసరికి అక్కడి బియ్యం ధర, టేకు దుంగలు, ఆడవాళ్ళ చుట్టలు అన్నీ అయిపోయి, కొట్లాటల దగ్గరికి వచ్చాడు.

"మా ఏలూరు మనిషి కూడా ఒకాయన పోయాడండీ ఆ కొట్లాటల్లో. హైస్కూల్లో డ్రిల్లు మాష్టారు. వైదికులండీ. అన్నగారు చూస్తే పౌరోహిత్యం, ఈయన చూస్తే విజిలూదుకుంటూ పిల్లల్ని ఎండలో నిలబెట్టడం. ఒక్క కడుపున పుట్టి ఒకరు నీడపట్టున, ఒకరు ఎండపట్టున. అక్కడెక్కడో భూకంపం వస్తే సాయం చేస్తానని అయిదుగురు కుర్రాళ్ళని వెంటేసుకుని వెళ్ళాడు. కుర్రాళ్ళు వచ్చారు, ఈయన రాలేదు. పన్నెండోనాటి వంట నాదేనండీ. నూట ఇరవై విస్తళ్ళు."

ఎదుటి మనిషి కిటికీలోంచి చూస్తున్నాడు. తంతి స్తంభాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. చూపు తిప్పకుండా అడిగాడు: "ఏం చేశారు?"

"అరటికాయ, కంద, పెసరపప్పు, పరమాన్నం, గారెలు. గారెలు కొంచెం నూనె పీల్చాయండీ, అబద్ధం ఎందుకు. పప్పు పాతది. అయినా తిన్నవాళ్ళెవరూ వంక పెట్టలేదు. శవం కూడా దొరకలేదు గదండీ పాపం, మోదుగాకులతో బొమ్మ కట్టి దహనం చేశారు. అందరి మనసూ అటే ఉంది, గారెల మీద ఎవరికుంటుంది?"

"ఆవిడ?"

"ఎవరండీ?"

"ఆయన భార్య."

విస్సన్న గొంతు తగ్గించాడు. "పదోనాడు చెయ్యవలసినవన్నీ చేశారండీ. తలకట్టు పెద్దది ఆవిడకి. మంగలి మధ్యలో ఆగి మళ్ళీ కత్తి నూరుకోవలసి వచ్చిందట. పిల్లా జెల్లా లేరు. మండవల్లి దగ్గర పుట్టింట్లో ఉంటున్నారు ఇప్పుడు."

భీమడోలు వచ్చింది, పోయింది. ఆ మనిషి తన చేతిని మోకాలి మీద పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువులాగా. ఏదో ఒకటి జరగాలి గదా ఒంట్లో, గుండె ఝల్లుమనడమో, కళ్ళు తిరగడమో అని కనిపెట్టి చూశాడు. ఏమీ జరగలేదు. ఆకలి వేస్తోంది, అంతే.

ఏలూరు స్టేషనులో దిగి గరిటెలు సర్దుకుంటూ విస్సన్న, "తమరెవరింటికండీ?" అన్నాడు.

"అనంతరామయ్యగారింటికి."

"అయ్యో, నేను చెప్పింది వాళ్ళ సంగతేనండీ! వాళ్ళకేమవుతారు?"

"ఆ పోయిన డ్రిల్లు మాష్టారిని నేనే."

విస్సన్న అతని మొహం చూడలేదు. గభాలున వంగి ఆ మనిషి పాదాలు చూశాడు. వేళ్ళు ముందుకే ఉన్నాయి. మడమలు వెనకే ఉన్నాయి. మెల్లిగా తలెత్తి, "ఏవండీ, ఆ గారెల సంగతి మీ అన్నగారి దగ్గర అనకండి" అన్నాడు.

*

డ్రిల్లు మాష్టారు సుబ్బరామయ్య రంగం వెళ్ళడం పుణ్యానికీ కాదు, పేరుకీ కాదు. పంతొమ్మిది వందల ముప్ఫై మే నెలలో రంగం దగ్గర పెగూ పట్నం భూకంపంలో కూలిపోయిందని పత్రికల్లో పడ్డ రెండోనాడు, పరీక్షలు రాసి ఊరికే తిరుగుతున్న అయిదుగురు కుర్రాళ్ళు అతని ఇంటి అరుగు మీదికి చేరి, "మాష్టారండీ, మనం వెళ్దామండీ" అన్నారు. అందరూ పదిహేను పదహారేళ్ళవాళ్ళు. స్కౌటు చొక్కాలు వేసుకుని తిరునాళ్ళలో తప్పిపోయిన ముసలమ్మల్ని వెతికిపెట్టడం తప్ప వేరే లోకసేవ ఎరగరు. ఒక బియ్యపు వర్తకుడు టిక్కెట్లు కొన్నాడు. సముద్రం దాటితే కులం ఏమవుతుందని అనంతరామయ్య అడిగాడు. "బర్మా కూడా మన సర్కారుదే గదా అన్నయ్యా, ఒకే గవర్నమెంటు కింద ఉన్నది సముద్రం ఎలా అవుతుంది?" అన్నాడు సుబ్బరామయ్య. అన్నగారికి ఆ తర్కం నచ్చలేదు గాని జవాబు దొరకలేదు.

కుర్రాళ్ళకి అక్కడ అలవాటు పడడానికి నాలుగు రోజులు పట్టింది. రాళ్ళు మోశారు, వెదురు పాకలు కట్టారు, బర్మా పిల్లలతో నీళ్ళ కావిళ్ళు పంచుకున్నారు. భాష రాకపోతేనేం, తంగెళ్ళమూడి తివాచీల నేతగాళ్ళ పిల్లాడు మహబూబు మూడోరోజుకే లుంగీ ముడి వేసి, "నీళ్ళు", "చాలు", "మా మాష్టారికి కోపం ఎక్కువ" అనే మూడు ముక్కలు బర్మా భాషలో నేర్చేశాడు. కైకలూరు కనకరాజుకి నప్పి కూడా నచ్చింది. నప్పి అంటే ఉప్పులో మాగబెట్టి దంచిన చేపల ముద్ద. దాని వాసన ముందర మన ఎండుచేపల సంత అత్తరు కొట్టు.

అలవాటు పడనివాడు మాష్టారొక్కడే. కూలిన గోడల మధ్య మూడు ఇటుకలు పేర్చుకుని, స్నానం చేసి, తడిబట్ట కట్టుకుని, చొక్కా విప్పి పక్కన పెట్టి, ఎవరి నీడా పడకుండా అన్నం వండుకునేవాడు. "మాష్టారు రంగం వచ్చారు గాని వారి వంటిల్లు ఏలూరులోనే ఉంది" అని కుర్రాళ్ళు చాటున నవ్వుకునేవారు. అతనికి వినపడేది. బర్మా పిల్లల నవ్వు మరీ మంట పుట్టించేది. తప్పు చేసినవాణ్ణి నిలబెట్టి కేకలేస్తే వాడు చిరునవ్వు నవ్వేవాడు. ఎంత గట్టిగా కేకలేస్తే అంత నవ్వు. అది పొగరు కాదు, సిగ్గు అని తెలుసుకోవడానికి సుబ్బరామయ్యకి మరో ఆరు నెలలు పట్టింది.

పద్నాలుగో రోజున రంగం రేవులో మన కూలీలకీ బర్మావాళ్ళకీ కొట్లాట మొదలైంది. మొదలైనప్పుడు వాళ్ళు తిరుగు ప్రయాణానికి ఆ ఊళ్ళోనే, రేవు వెనక సందులో ఒక మిద్దె గదిలో ఉన్నారు. సుబ్బరామయ్య కుర్రాళ్ళని తెల్లవారగానే స్టీమరు ఎక్కించాడు. తను ఎక్కలేదు. ఓడలో వండినది తినడు, నాలుగు రోజుల ప్రయాణం. ఇంత వండుకు తిని, ఇంత అటుకులు కట్టుకుని, సాయంత్రం ఓడ కదిలేలోపు వస్తానన్నాడు.

మడి కట్టుకుని వండుకుంటున్నాడు. ఖాకీ చొక్కా మేకుకి వేలాడుతోంది, విజిలు దాని జేబులోనే ఉంది. మెట్ల మీదినించి ఒక కూలీ పరిగెత్తుకొచ్చాడు. మనవాడే, శ్రీకాకుళం వైపు మాట. "బాబూ, ఈ సొక్కా ఇయ్యండి బాబూ. కాకీ సూత్తే పోలీసోడనుకుని వగ్గేత్తారు" అన్నాడు. సుబ్బరామయ్య, "ముట్టుకోకు, మడి!" అన్నాడు. ఆ ముట్టుకోవద్దన్నది తననే. చొక్కా మాట అతనికి అప్పుడు తోచలేదు. వాడు చొక్కా తగిలించుకుని, విజిలు మెడలో వేసుకుని సందులోకి దిగాడు. ఖాకీ వాణ్ణి కాపాడలేదు. స్టీమరు మీద కమ్మీ పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళకి రేవు గట్టు మీద ఖాకీ చొక్కా పడిపోవడం కనిపించింది.

వాళ్ళు దేన్ని చూశారో అదే వచ్చి చెప్పారు. అందులో తప్పేముంది? పడినవాడు తమ మాష్టారు కాడని అంత దూరం నించి ఎవరు పోలుస్తారు?

సుబ్బరామయ్యకి ఇదేమీ తెలియదు. కింద చుట్టలమ్ముకునే ఒక నడివయసు బర్మా ఆవిడ పైకి వచ్చి, అతని తల మీద ఒక గుడ్డ చుట్టి, నడుముకి లుంగీ కట్టి, చెయ్యి పట్టుకుని వెనక తలుపులోంచి తీసుకుపోయింది. అన్నం పొయ్యి మీదే ఉంది. ఉడికిందో లేదో అని దారంతా అదే ఆలోచించాడు. ఆవిడ ఊరు పెగూ అవతల ఒక పల్లె. అక్కడ మొదటి రోజు ఏమీ తినలేదు. మూడోరోజు పెట్టింది తిన్నాడు. నెలకి నప్పి రెండోసారి వడ్డించమన్నాడు.

ఆ పల్లెలో భూకంపానికి బౌద్ధ మఠం బడి కూలిపోయింది. పదమూడు నించి పదిహేడేళ్ళ దాకా పదహారు మంది పిల్లలు ఊరికే తిరుగుతున్నారు. సుబ్బరామయ్య వాళ్ళతో కలిసి వెదురు కోసి పాక వేశాడు. పాక లేచాక లెక్కలు చెప్పాడు, చప్పట్లు కొట్టి డ్రిల్లు చేయించాడు. జీతమంటూ లేదు, పూటకో ఇంటి నించి అన్నం వచ్చేది. పిల్లలు అతని వైపు కాళ్ళు చాపేవారు కాదు. పొద్దున్నే వచ్చి మోకాళ్ళ మీద వంగి నేలకి నుదురు ఆనించేవారు. మొదట్లో ఉలిక్కిపడేవాడు. తరవాత తరవాత, వంగనివాడెవడో చూసుకునేవాడు. కొత్త దేశం అలవాటు కావడమంటే ఇదే కాబోలు. ఇష్టం పుట్టదు, ఆశ్చర్యం చచ్చిపోతుంది, అంతే.

ఒకసారి పెగూ పోయి పోస్టు కార్డు కొన్నాడు. పైన భార్య పేరు, ఏలూరు అడ్రసు రాశాడు. కార్డు రెండో వైపు తిప్పాడు. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తరవాత దాన్ని లెక్కల పుస్తకంలో పెట్టాడు. రెండేళ్ళు గడిచాయి. మఠం బడికి రంగం నించి చదువుకున్న పంతులు వచ్చాడు. ఇక తను చెయ్యవలసిందేమీ కనపడక, ఒకరోజు గొడుగు తీసుకుని రేవుకి నడిచాడు.

*

అనంతరామయ్య అరుగు మీద పంచాంగం చూసుకుంటున్నాడు. అలికిడికి తలెత్తాడు. పంచాంగం జారి కింద పడింది.

"ఒరేయ్ సుబ్బడూ!"

రెండు మెట్లు దిగి, చేతులు చాపి, ఆ చేతులు గాలిలో ఉండగానే ఆగిపోయాడు. "ఆగరా. అక్కడే ఉండు. ముట్టుకోకూడదురా తండ్రీ, నేను నీకు నిప్పు పెట్టినవాణ్ణి" అని మెట్టు మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సుబ్బరామయ్య నిలబడి చూస్తూ ఉన్నాడు. ఓదార్చాలని తెలుసు. ముట్టుకోకుండా ఎలా ఓదార్చాలో తెలియలేదు.

వదినగారు చెంబుతో నీళ్ళు తెచ్చి అల్లంత దూరంలో పెట్టి వెళ్ళింది. మూడు రోజులు అరుగు మీదే పడక, అరుగు మీదే భోజనం. మొదటి రోజే విస్సన్న నోటి చలవ వల్ల వీధి వీధంతా వచ్చి చూసి పోయింది. అనంతరామయ్య గురువుగారింటికి నాలుగుసార్లు తిరిగి, పుస్తకాలు తిరగేయించి, మూడోనాడు మొహం కాస్త తేటగా పెట్టుకుని వచ్చాడు.

"శాస్త్రంలో ఉందిరా. లేకపోతే ఎలా? ఇలా తిరిగొచ్చినవాళ్ళు ఇదివరకూ ఉండబట్టేగా పెద్దలు రాసి పెట్టారు. కర్మ చేసేశాక బతికి వచ్చినవాడు మళ్ళీ పుట్టాలి. నేతి కుండలో ముంచి తీయాలి. నిన్ను ముంచే కుండ ఈ జిల్లాలో లేదు గనక తల మీద చిలకరిస్తే చాలన్నారు గురువుగారు. పైన జాతకర్మ, నామకరణం, వడుగు, ఆపైన పెళ్ళి."

"ఎవరితో?"

"ఎవరితో ఏవిట్రా! ఆ పిల్లతోనే. నేను తండ్రి స్థానంలో కూచుంటాను, మీ వదిన తల్లి స్థానంలో."

"ముప్ఫై ఎనిమిదేళ్ళ కొడుకు" అంది తలుపు చాటునించి వదినగారు. "నా జన్మకి ఇదొక్కటే తక్కువైంది. ఉయ్యాల కూడా వేయమంటారా?"

"నువ్వుండవే. పేరు మళ్ళీ పెట్టాలిరా. సుబ్బరామయ్యనే పెడదాం, ఏం?"

"ఏదైనా ఫరవాలేదు."

"ఏదైనా ఫరవాలేదేవిట్రా, నీ పేరు!" అని, అనంతరామయ్య దగ్గరికి జరగబోయి మళ్ళీ ఆగాడు. "అక్కడ ఏం తిన్నావు?"

"పెట్టింది తిన్నాను."

"పోనీలే. అదీ కొట్టుకుపోతుంది. కొత్తగా పుట్టినవాడు ఏం తిన్నాడు గనక, పాలు తప్ప. కాని ఒకటుందిరా. పీటల మీద కూచోవడానికి ఆ పిల్ల ఒప్పుకోవాలి. వాళ్ళన్నయ్య మళ్ళీ కన్యాదానం చెయ్యాలి. నువ్వు వెళ్ళి అడిగి తీసుకురా. ఆ పిల్ల రాకపోతే మిగతాదంతా చేసి ఏం లాభం? ఇల్లాలు లేకుండా ఏ ఇంటివాడివవుతావు?"

ఇన్ని చిక్కులకీ ఒక్క ఆడమనిషి ఔనంటే చాలన్నమాట. కాదంటే, తద్దినాల పట్టికలో పేరున్నవాడు అరుగు మీద ఎన్నాళ్ళు కూచుంటాడు?

*

మహబూబు తోడు వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు. పద్దెనిమిదేళ్ళవాడయ్యాడు, మీసం వచ్చింది. నాన్నతో పాటు మగ్గం మీద కూర్చుంటున్నాడట. కొల్లేటి ఒడ్డు దాకా బండి మీద, అక్కడినించి తాటి దోనెలో. వానలు వెనకబట్టిన రోజులు, నీళ్ళు నిండా ఉన్నాయి. కిక్కిస గడ్డి మధ్య దారి చేసుకుంటూ దోనె పోతుంటే గూడబాతులు కదలకుండా నీళ్ళ మీద కూర్చుని చూస్తున్నాయి. గంగకీ యమునకీ స్తోత్రాలున్నాయి, కొల్లేటికి ఒక్కటీ లేదు. అది ఎటూ పోదు, ఏదీ కడగదు. కొండల నించి వచ్చిన నీళ్ళని ఇంతదూరాన పరుచుకుని ఊరికే ఉంటుంది.

సగం దూరం పోయాక మహబూబు అన్నాడు: "మాష్టారండీ, చెప్పింది నేనేనండీ."

"తెలుసురా."

"అందరం చూశామండీ. కాని అమ్మగారి ఎదురుగా నోరు తెరిచింది నేనండీ. 'నీ కళ్ళతో చూశావా బాబూ' అన్నారండీ. చూశానన్నాను. ఖురాను మీద ప్రమాణం చేస్తావా అని వాళ్ళన్నగారన్నారండీ. చేశానండీ." వాడు దోనె అంచు గోటితో గీకాడు. "రెండేళ్ళు అదే చూశానండీ నిద్దట్లో. ఇప్పుడు మీరొచ్చారు. వేరే ఎవరి చావో చూశానన్నమాటండీ ఇన్నాళ్ళూ. ఎవరండీ అతను?"

"పేరు అడగలేదు."

"నన్ను తిట్టండి మాష్టారూ. అలా ఊరుకుంటే ఎలాగండీ! ఇదివరకు లైను వంకరగా నిలబడితే మూడు వీధులకి వినపడేలా తిట్టేవారు."

తిట్టడానికి సుబ్బరామయ్య ప్రయత్నించాడు. మాటలు గుర్తున్నాయి గాని, వాటిని తోసే కోపం ఎక్కడ పెట్టాడో దొరకలేదు. ఎక్కడో శ్రీకాకుళం వైపు ఒకావిడ చేతులకి గాజులు వేసుకుని, బొట్టు పెట్టుకుని, రంగం నించి కబురు కోసం చూస్తూ ఉంటుంది. ఆవిడకి ఎవరూ చెప్పరు. ఇక్కడ ఒకావిడకి చెప్పారు. ఒక మనిషి చావు ఇంకొకరింటికి చేరింది. ఇది బాధపడవలసిన సంగతి అని అతనికి తెలుసు. దోనె అంచున నీళ్ళలో చెయ్యి పెట్టాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

*

వెంకటసుబ్బలక్ష్మి పుట్టింటి వెనక వసారాలో బియ్యం చెరుగుతోంది. కబురు రెండు రోజుల కిందటే చేరింది. తెల్లని చీర కొంగు నుదుటి దాకా ఉంది. చేతులు బోసిగా ఉన్నాయి. సుబ్బరామయ్య వసారా చివర నిలబడ్డాడు. మహబూబు దోనె దగ్గరే ఆగిపోయాడు, ఆవిడకి మొహం చూపించలేక.

"వచ్చారా" అంది. చేట దించింది. "కాళ్ళు కడుక్కోండి. అన్నయ్య పొలం వెళ్ళాడు. మూడింటికి వస్తాడు. భోజనం చేద్దురు గాని."

విస్తరి వేసింది. వదినగారిలా దూరం నించి తోయలేదు, ఎప్పటిలా ఎదురుగానే వంగి వడ్డించింది. దోసకాయ పప్పు, చింతకాయ పచ్చడి.

"మడి కట్టుకోరూ?"

"లేదు."

"చొక్కాతోనే తింటారా?"

"తింటాను."

తింటుంటే చూస్తూ కూర్చుంది. పప్పు కలుపుకోవడం అయ్యాక అంది: "ఎలా తప్పించుకున్నారు?"

చెప్పాడు. మడి, మేకు మీది చొక్కా, కూలీ, చుట్టలమ్మే ఆవిడ. నాలుగు మాటల్లో అయిపోయింది.

"అక్కడ ఎవరైనా ఉన్నారా మీకు?"

"లేరు. పిల్లలకి డ్రిల్లు చెప్పేవాణ్ణి. పదహారు మంది."

"వాళ్ళు ఏడ్చారా మీరు వచ్చేస్తుంటే?"

"చెప్పలేదు వాళ్ళకి."

ఆవిడ పచ్చడి వేసింది. "ఒక్క కార్డు ముక్క రాయలేకపోయారా?"

"కొన్నాను. పైన పేరు కూడా రాశాను."

"ఎవరి పేరు?"

"నీ పేరే."

"తరవాత?"

"తరవాత ఏం రాయాలో తెలియలేదు."

"బతికే ఉన్నానని రాస్తే సరిపోయేదిగా."

సుబ్బరామయ్య ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. నిజమే, ఆ ఒక్క మాట సరిపోయేది. "అది తోచలేదు" అన్నాడు.

ఈగ ఒకటి విస్తరి చుట్టూ తిరిగింది. ఆవిడ విసనకర్రతో దాన్ని తోలింది.

"మీ అన్నగారు అడగమని పంపారా?"

"ఆఁ. మళ్ళీ పుట్టిస్తారట. పేరు పెడతారట. పీటల మీద..."

"విన్నాను. విస్సన్నగారి బావమరిది ఈ ఊరివాడేగా. కొత్త పెళ్ళికూతుర్ని చూస్తామని అప్పుడే ఇద్దరు ముత్తయిదువులు వచ్చి పోయారు. రెండేళ్ళుగా ఎదురొస్తే పక్కకి తప్పుకున్నవాళ్ళే." విసనకర్ర ఒళ్ళో పెట్టుకుంది. "పదోనాడు నాకు జరిగింది మీకెవరైనా చెప్పారా?"

"చెప్పారు."

"నేను అప్పుడు ఏడవలేదండీ. దిమ్మెక్కిపోయింది పాపం అన్నారు అందరూ. ఎక్కితే ఎక్కింది. దాని వల్లే బతికాను. ఇప్పుడు అలవాటైపోయింది. తెల్లారగట్ట లేస్తాను, ఒంటిపూట తింటాను, ఎవరినీ ఏదీ అడగను. మళ్ళీ పసుపు రాస్తే, మళ్ళీ గాజులు తొడిగితే, అప్పుడు తెలుస్తుంది నాకు, ఏం పోయిందో. పోయినప్పుడు తెలియనిది ఇప్పుడు తెలుసుకోమంటారా? నా వల్ల కాదు."

"సరే" అన్నాడు.

"సరే అంటే సరిపోదండీ. అన్నయ్య వస్తాడు. మీరు అడిగారో, వాడు నా కాళ్ళు పట్టుకుంటాడు. చెల్లెలు పుణ్యస్త్రీ అవుతుందంటే ఏ అన్న ఊరుకుంటాడు? వాడు కాళ్ళు పట్టుకుంటే కాదనలేను. అందుకని మీరు అడగకూడదు."

"వస్తే నేను చెప్పకుండా ఎలా ఉంటాను? ఎందుకొచ్చావని అడుగుతాడుగా."

"అడుగుతాడు" అంది. ఆవిడ అతన్ని సూటిగా చూసింది, వచ్చాక మొదటిసారి. కళ్ళ కింద చారలు వచ్చాయి. మిగతా అంతా అదే మొహం. "ఎంతయిందో టైము. రెండున్నర అయి ఉంటుంది. అన్నం పెట్టమంటారా, మజ్జిగలోకి?"

"కొంచెం."

పెట్టింది. "మజ్జిగ కవ్వం కిందే ఉంది. చిలికి తెస్తాను. కాస్త ఆలస్యమవుతుంది" అని లేచి లోపలికి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసింది.

లోపల కవ్వం చప్పుడు మొదలైంది. సుబ్బరామయ్య విస్తట్లో తెల్లన్నం చూస్తూ కూర్చున్నాడు. మజ్జిగ పోసుకోకుండా విస్తరి ముందునించి లేవడం ఏలూరులో ఉన్నన్నాళ్ళూ అతనికి లేదు. రంగంలో ఒకసారి పొయ్యి మీది అన్నాన్నే వదిలి లేచాడు. కవ్వం చప్పుడు ఆగకుండా, తొందర లేకుండా, సాగుతూనే ఉంది. అంత సేపు చిలకవలసినంత మజ్జిగ ఆ ఇంట్లో ఉండదు.

విస్తరి మడిచాడు. గోలెం దగ్గర చెయ్యి కడుక్కుని, గొడుగు తీసుకుని, దొడ్డి తలుపులోంచి బయటికి వచ్చాడు. రేవు కుడివైపు. అక్కడ మహబూబు దోనెవాడికి తివాచీ మగ్గం ఎంత ఎత్తుంటుందో చేతులు పైకెత్తి చూపిస్తున్నాడు. వీపు ఇటు ఉంది. సుబ్బరామయ్య ఎడమవైపు తిరిగి, చేల గట్టు మీదుగా రైలు కట్ట వైపు నడిచాడు. మండవల్లి స్టేషను అరకోసు ఉంటుంది. గట్టు మెత్తగా ఉంది, చెప్పులు దిగబడుతున్నాయి. వాటిని విప్పి చేత్తో పట్టుకున్నాడు.